గోగు కట్టలూ, మొదటి ప్రపంచ యుద్ధమూ

మా మేనత్త సత్యవతి పోయి నెల కావస్తోంది. పన్నెండో రోజు భోజనాలయ్యాక బంధువులు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ గదిలో పుస్తకాలు సర్దాలని నేను మాత్రం మా తమ్ముడి ఇంట్లోనే నాలుగు రోజులు ఉండిపోయాను. ఆ రెండో రోజు పొద్దున్న, తమ్ముడి మనవరాలు హారిక వీధి అరుగు మీద కూర్చుని పరీక్షకి చదువుకుంటోంది. పదో తరగతి. పైకి చదివితే తప్ప తలకెక్కదు ఆ పిల్లకి. "మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు. ఒకటి, దుడుకు జాతీయవాదం. రెండు, సామ్రాజ్యవాదం. మూడు, రహస్య ఒప్పందాలు. నాలుగు, సైనికవాదం. తక్షణ కారణం, ఆస్ట్రియా యువరాజు హత్య." పదిసార్లు అదే వరస. పుస్తకాల దుమ్ము దులుపుతున్నదాన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

"మామ్మా, ఇవి రాసేస్తే నాలుగు మార్కులూ వచ్చేస్తాయి కదా?" అంది.

"వచ్చేస్తాయి."

"మరేటి అలగ సూస్తన్నావు?"

"ఈ పాఠం నాకు మా అత్తే సెప్పిందే."

"ఆవిడా ఇవే పాయింట్లు సెప్పిందా?"

"ఇవే. కాకపోతే ఆకర్న సెప్పింది."

హారిక నవ్వి మళ్ళీ చదువులో పడింది. నేను గదిలోకి వచ్చి కూర్చున్నాను కానీ పుస్తకాలు సర్దలేదు. అత్త గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. పెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు, ఆవిడకి గిట్టదు కూడా. ఒక వారం గురించి రాస్తాను. నేను కూడా అప్పుడు పదో తరగతే.

అత్త మా నాన్నకి పెద్దక్క. పెళ్ళయిన మూడేళ్ళకి భర్త పోతే పుట్టింటికి వచ్చింది. మా తాత ఆవిణ్ణి మళ్ళీ చదువులో పెట్టాడు. ఆవిడ చీపురుపల్లిలో సోషల్ టీచరయింది. మా ఊరి నుంచి అక్కడికి పొలాల గట్ల మీదుగా గంట నడక. పొద్దున్నే లేచి చోడి అంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని నడిచేది. వెనకాల మేం. ఆవిడకి ఒక అలవాటుండేది. ఏ రోజు పేపరైనా మా ఇంటికి మర్నాడే వచ్చేది. దాన్ని పెన్సిలు పట్టుకుని చదివేది. 'దారుణ', 'కిరాతక', 'చరిత్రాత్మక' అన్న మాట కనబడితే చాలు కొట్టేసేది. కొట్టేశాక మిగిలినదాన్ని మళ్ళీ ఒకసారి చదివేది. "ఇప్పుడు ఏటి జరిగిందో తెలస్తన్నాది" అనేది. మా నాన్న ఆ పేపరు మీద గీతలు చూసి, "మా అప్ప వార్తలకి కూడా మార్కులేస్తాది" అని నవ్వేవాడు. ఆయనకి చదువు రాదు. సంతకం వచ్చు.

మాది గోగు పండించే ఊరు. వరి తిండికి, గోగు చేతి ఖర్చుకి. పైరు కోసి కట్టలు కట్టి, గెడ్డలో, అంటే ఊరి పక్క వాగులో, లోతున్న చోట దించి, పైన రాళ్ళు పెట్టి, కొట్టుకుపోకుండా గట్టు మీది మేకులకి తాళ్ళతో కట్టేవాళ్ళు. రెండు మూడు వారాలు నీళ్ళలో ఊరితే నార విడుతుంది. ఆ రోజుల్లో గెడ్డ నీళ్ళు నల్లబడతాయి. చేపలు తేలతాయి. ఆ కంపు ఇంత అంత కాదు, బట్టల్లోకి, జుట్టులోకి, తినే అన్నంలోకి కూడా వచ్చేది. టౌను పిల్లలు మా పక్కన కూర్చునేవారు కాదు. "గోగు కంపు గుంటలు" అనేవాళ్ళు. అందుకని గెడ్డకి పైనున్న మా ఊరి పిల్లలూ, కిందనున్న దిగువ ఊరి పిల్లలూ ఒకే బెంచీల మీద ఉండేవాళ్ళం. నా పక్కన దిగువ ఊరి పార్వతి. మా ఇద్దరికీ ఒకరి కంపు ఒకరికి తెలిసేది కాదు.

రెండూళ్ళకీ మధ్య ఒక పద్ధతి ఉంది. మొదటి కట్ట దించడానికి రెండు రోజుల ముందు మా ఊరి మనిషి ఒకడు దిగువ ఊరు వెళ్ళి, "ఎల్లుండి దించుతాం" అని చెప్పి రావాలి. ఆ రెండు రోజుల్లో వాళ్ళు తాగునీళ్ళు పట్టుకుంటారు, పశువుల్ని వేరే వైపు తోలుకుంటారు. ఎవరు వెళ్ళాలన్నది ఎక్కడా రాసిలేదు. ఎవడో ఒకడు వెళ్ళేవాడు. ప్రతి ఏడూ వెళ్ళేవాడు కాబట్టి ఎవరూ దాని గురించి ఆలోచించేవారు కాదు.

ఆ ఏడు దిగువ ఊళ్ళో పార్వతి వాళ్ళ పాడిగేదె ఆ నీళ్ళు తాగి చచ్చిపోయింది. ఆ మర్నాడు మా కట్టల తాళ్ళు ఎవరో కోసేశారు. కట్టలు కొట్టుకుపోయి చెల్లాచెదరయ్యాయి. అందులో సగం మా నాన్నవి. మావాళ్ళు దిగువ ఊరి పశువుల్ని పట్టుకుని బందెలదొడ్డిలో పెట్టించారు. వాళ్ళు మా పాలేరుని కొట్టారు. మావాళ్ళు వాళ్ళ గడ్డివాము లాగేశారు. వారం తిరిగేసరికి రెండూళ్ళలోనూ కర్రలకి నూనె రాస్తున్నారు. వాళ్ళు గరివిడి వైపు నుంచి చుట్టాల్ని పిలుస్తున్నారని మా ఊళ్ళో పుకారు. బళ్ళో పార్వతి బెంచీ చివరికి జరిగి కూర్చునేది. నేను రెండో చివరికి. మధ్యలో ఇద్దరు పట్టే ఖాళీ.

ఒక సాయంత్రం నాన్న నన్ను పిలిచి కాయితం తెమ్మన్నాడు. మా అమ్మ అన్న కోటబొమ్మాళిలో ఉండేవాడు. మనిషి గట్టివాడు, వెనక పదిమంది ఉన్నవాడు. ఆయనకి ఉత్తరం. నాన్న చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. 'బావా, ఇక్కడ దిగువ ఊరోళ్ళు మా నోటికాడ కూడు తన్నీసినారు. నువ్వు ఇరవై మందిని తీసుకుని సోమవారం పాసింజరుకి చీపురుపల్లిలో దిగాల. ఈ ఒక్కసారికి రాకపోతే మరి నీకూ నాకూ మాటల్లేవు.' ఆయన చెప్పినదాన్ని నేను బాగుచేసి, మంచి తెలుగులో పెట్టి రాశాను. 'దుర్మార్గులు' అన్న మాట నాన్న అనలేదు, నేనే చేర్చాను. చదివి వినిపిస్తే నాన్న మురిసిపోయాడు. "సూడు, నా కూతురు రాస్తే పోలీసు కంప్లయింటులాగున్నాది" అన్నాడు. పొద్దున్న బడికి వెళ్తూ టౌను పోస్టు డబ్బాలో వెయ్యమన్నాడు. ఆ రాత్రి గర్వంతో నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ సంగతి దాచిపెట్టి రాస్తే ఈ కథకి అర్థం లేదు.

మర్నాడు దారిలో పోస్టు డబ్బా దాటిపోయాను. మరిచిపోయి కాదు, బెల్లు కొట్టేస్తున్నారు. సాయంత్రం వేద్దామనుకున్నాను.

ఆ వారం అత్త మాకు చెబుతున్నది మొదటి ప్రపంచ యుద్ధం. సోమవారం మొదలుపెట్టినప్పుడు పుస్తకం తెరవలేదు. "యుద్ధం ఎందుకొచ్చింది?" అని అడిగింది. వెనక బెంచీ నుంచి ఒకడు, "యువరాజుని సంపీసినారండి" అన్నాడు. "సరే. అంతకు ముందు కూడా రాజుల్ని చంపారు. అప్పుడు యుద్ధం రాలేదేం?" అంది. అక్కడి నుంచి రెండు రోజులు మమ్మల్ని అదే ప్రశ్న చుట్టూ తిప్పింది. ఎవరికి ఎవరు మాట ఇచ్చారు. ఎవరి మాట ఎవరికి తెలీదు. పక్కవాడు ఒక ఓడ కడితే తను రెండు ఎందుకు కట్టాడు. బ్రిటన్ రాజు, జర్మనీ చక్రవర్తి ఒకే ముసలమ్మ మనవలని, రష్యా చక్రవర్తి కూడా దగ్గర చుట్టమేనని చెప్పింది.

"అయితే సుట్టాలు కదండీ, మరెందుకు కొట్టుకున్నారు?" అన్నాను నేను.

"చుట్టాలు కాబట్టి కొట్టుకోరని ఎవరు చెప్పారు నీకు?" అంది అత్త. క్లాసంతా నవ్వింది.

సైన్యాల్ని కదిలించడం గురించి చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. అప్పట్లో సైన్యాలు రైళ్ళలో వెళ్ళేవి. ఏ రైలు ఏ వేళకి ఎక్కడికన్నది ఏళ్ళ తరబడి కూర్చుని ముందే రాసిపెట్టుకున్నారు. రష్యా సైన్యాన్ని కదిలించింది. అది చూసి జర్మనీ కదిలించింది. ఆఖరి గంటల్లో జర్మనీ చక్రవర్తికి బెంగపట్టి, పడమటి వైపు ఆపుదామా అని అడిగితే, కదిలిన రైళ్ళని మళ్ళించడం కుదరదన్నాడు సేనాని. "భయపడి పిలిచారు. పిలిచాక, పిలిచినందుకైనా కొట్టాల్సి వచ్చింది" అంది. ఆ కందకాల ముందు పేర్చిన ఇసక బస్తాలు మన దేశపు గోనెసంచులేనని, బెంగాలు నారతో నేసినవని కూడా చెప్పింది. గోగు వాసనొచ్చే మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

నాన్న ఉత్తరం రాయించిన రోజునే బళ్ళో మాకు ఒక ఇంటిపని ఇచ్చింది. రెండూళ్ళ పిల్లలూ గెడ్డ దగ్గర ఏం జరిగిందో వరసగా రాసుకురావాలి. పెద్దవాళ్ళని అడగొచ్చు. ఒక్కో వరుసకి ఒక్క పని. తిట్లు ఉండకూడదు, ఎలాంటివాడన్నది ఉండకూడదు, ఎవరేం చేశారన్నదే ఉండాలి. ఊళ్ళ పేర్లు రాయకూడదు, మనుషుల పేర్లు రాయకూడదు. నా ఉత్తరం సంచిలో ఉన్న రోజున ఆవిడ ఆ కాయితాలు తీసుకుంది.

మా ఊరి పిల్లల కాయితాలన్నీ 'తాళ్ళు కోశారు' అని మొదలయ్యాయి. దిగువ ఊరివన్నీ 'కబురు పంపకుండా కట్టలు దించారు' అని మొదలయ్యాయి. అత్త రెండింటినీ కలిపి బోర్డు మీద ఒకే వరసలో రాసింది. పదమూడు వరుసలు వచ్చాయి. ఆరో వరుసకి వచ్చేసరికి ఎవడో, "టీచర్, గేదె యువరాజండి" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. పార్వతి కూడా నవ్వబోయి ఆగింది. అది వాళ్ళ గేదె.

"ఒక్కొక్కరూ రండి. ఏ ఒక్క వరుస చెరిపితే కింద ఉన్నవి జరగవో ఆ వరుస చెరపండి. ఎందుకో చెప్పండి" అంది అత్త, డస్టరు బల్ల మీద పెట్టి.

మొదట వెళ్ళినవాళ్ళందరూ అవతలి ఊరి వరుసలే చెరిపారు. అత్త మళ్ళీ రాసింది. మళ్ళీ చెరిపారు. మళ్ళీ రాసింది. అలా సగం పీరియడు అయ్యాక పార్వతి లేచింది. నేరుగా వెళ్ళి 'తాళ్ళు కోశారు' అన్నది చెరిపింది. ఆ తాళ్ళు కోసింది వాళ్ళన్నయ్యేనని రెండూళ్ళకీ తెలుసు. "ఇది సెయ్యకుండా మీ ఊరొచ్చి అడగాల్సింది, టీచర్" అంది. 'మీ ఊరు' అన్నందుకు అత్త దిద్దలేదు.

నన్ను పిలవలేదు. నేనే లేచాను. డస్టరు చేతిలోకి తీసుకుని పదమూడు వరుసలూ పైనుంచి కిందికి చదివాను. ఏదీ చెరపలేదు. సంచిలో ఉన్నది వాటిలో లేదు.

"ఇంకో వరుస ఉన్నాది టీచర్" అన్నాను. "అది ఇంకా జరగలేదు."

అత్త నా మొహం వైపు కాస్త సేపు చూసింది. ఇంట్లో ఆ ఉత్తరం సంగతి విందో లేదో నాకు తెలీదు. ఆవిడ బతికున్నంత కాలం నేను అడగలేదు.

"జరగనిది బోర్డు మీద రాయక్కర్లేదు. వెళ్ళి కూర్చో" అంది.

సాయంత్రం పోస్టు డబ్బా ముందు నిలబడి, ఉత్తరం సంచిలోంచి తీసి, మళ్ళీ లోపల పెట్టేశాను. పార్వతి రాసిన కాయితం మాత్రం అడిగి తెచ్చుకున్నాను. నాన్న వాకిట్లో తాడు పేనుతున్నాడు.

"ఉత్తరం ఏసినావా?"

"ఎయ్యలేదు నాన్నా."

"మరిసిపోనావా?"

"కాదు. ఎయ్యలేదు."

నాన్న తాడు పక్కన పెట్టి లేచాడు. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజు కొడతాడనుకున్నాను. "ఊరంతటికీ మాటిచ్చీసినాను నాను. సోమవారం ఇరవై మంది దిగుతారని సెప్పీసినాను. సదువుకున్న గుంటవని నీ సేత రాయిస్తే, నా తల తీసి గెడ్డలో పెడతావేటి?" అన్నాడు. నా సంచి లాక్కుని ఉత్తరం తీసుకున్నాడు. "రేపు నానే ఎల్లి ఏస్తాను."

అత్త కాళ్ళు కడుక్కుంటోంది. నాన్న ఆవిడ వైపు తిరిగాడు. "అప్పా, నువ్వే కదేటి ఈ గుంటకి నూరిపోసినావు?"

"నాను యుద్ధం పాఠం సెప్పినాను. పుస్తకంలో ఉన్నాది. నీ పేరు ఎత్తనేదు."

"మరి ఇదెందుకిలగ సేసింది?"

"దాన్నే అడుగు. నోరున్నాది కదా."

అత్త తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. నన్ను కాపాడుతుందనుకున్నాను. అప్పుడు కోపం వచ్చింది కూడా. తర్వాత చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు, ఆవిడ అక్కడ ఉండి ఉంటే అది అక్కాతమ్ముళ్ళ తగువయ్యేదని.

నాకు ఇంకేమీ తోచక, బోర్డు మీది పదమూడు వరుసలూ నోట్సులోంచి చదివాను. నాన్న వినడం లేదన్నట్టు తాడు పేనుకుంటున్నాడు. అయ్యాక, "దిగువ ఊరి గుంటలు ఎక్కడ మొదలెట్టినారు?" అన్నాడు. పార్వతి కాయితం తీసి చదివాను. 'కబురు పంపకుండా కట్టలు దించారు.'

"అబద్ధం. పంపినాం."

"ఎవరెల్లినారు నాన్నా?"

"అప్పలసామి ఎల్లినాడు." అప్పలసామి మా పక్కింటాయన, నాన్నతో కలిసి గోగు వేసేవాడు. నాన్న గోడ మీంచి కేకేశాడు. "ఒరే అప్పలసామీ, దిగువ ఊరికి కబురు సెప్పడానికి ఎల్లినావు కదరా?"

"నానెప్పుడెల్లినాను మావా? నువ్వు ఎల్లినావనుకున్నాను."

నాన్న కాసేపు గోడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. అప్పలసామి అవతల నుంచి, "ఏటయినాది మావా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ సాయంత్రం వీధిలో నలుగురైదుగురిని అడిగి వచ్చాడు. ఎవడూ వెళ్ళలేదు. ప్రతివాడూ ఇంకొకడు వెళ్ళాడనుకున్నాడు.

ఇది చదివి, పల్లెటూరి తగువుకీ ప్రపంచ యుద్ధానికీ పోలికేమిటని ఎవరైనా అనొచ్చు. అత్త కూడా ఆ మాటే అంది. మర్నాడు క్లాసులో, "రెండూ ఒకటే అని పరీక్షలో రాస్తే సున్నా వేస్తాను" అని చెప్పింది. అక్కడ కర్మాగారాలున్నాయి, వలసదేశాలున్నాయి, లక్షల సైన్యాలున్నాయి, వాటిని నడిపిన లాభాలున్నాయి. అవి ఇక్కడ లేవు. అప్పుడే ఆ నాలుగు కారణాలూ బోర్డు మీద రాయించింది, హారిక చదువుతున్నవే. అప్పటికి మాకు వాటిలో ఒక్కటీ కొత్తది కాదు. 'రహస్య ఒప్పందాలు' అనగానే నాకు కోటబొమ్మాళి గుర్తొచ్చింది. 'దుడుకు జాతీయవాదం' అంటే నేను ఉత్తరంలో చేర్చిన ఆ ఒక్క మాట గుర్తొచ్చింది. ఈ యాభై ఏళ్ళలో ఎన్నో పెద్ద పుస్తకాలు చదివాను. ఏ పుస్తకం తెరిచినా మొదట చూసేది, ఈయన కథ ఎక్కడి నుంచి మొదలుపెట్టాడని. ఆ అలవాటు ఆవిడదే.

ఇప్పుడు గెడ్డలో గోగు ఊరబెట్టేవాళ్ళు తక్కువ. చాలా పొలాల్లో మొక్కజొన్న వేస్తున్నారు. ఆ కంపు పోయినందుకు నాకేమీ బాధ లేదు. మా కాలంలో పిల్లలు ఎక్కువ తెలివైనవాళ్ళని కూడా నేననను. హారిక ఫోనులో ఎక్కడో జరుగుతున్న యుద్ధం బొమ్మలు చూస్తుంటుంది, నాకు ఆ వయసులో తెలిసిన దేశాలకి పదింతలు దానికి తెలుసు. కానీ ఆ ఫోనులో ఏ వార్తయినా అవతలివాడు కోసిన తాడు దగ్గరే మొదలవుతుంది. దాన్ని పక్కన కూర్చోబెట్టి అంతకు ముందేం జరిగిందని అడిగే మనిషి కావాలి. మాకు అలాంటి మనిషి ఇంట్లోనే ఉండేది, పొద్దున్నే అంబలి తాగి మాతోపాటు గట్ల మీద నడిచేది. ఆవిడ పేరు ఏ పేపర్లోనూ పడలేదు. ఆవిడ చదువు చెప్పిన పిల్లలు రెండూళ్ళ నుంచీ పన్నెండో రోజుకి వచ్చారు, ముసలివాళ్ళయి, కర్రలు పట్టుకుని. వంటవాడు రెండోసారి అన్నం వండాల్సి వచ్చింది.

అప్పలసామిని అడిగిన మర్నాడు నాన్న పోస్టు డబ్బాకి వెళ్ళలేదు. ఇంకా పూర్తిగా తెల్లవారక ముందే నన్ను లేపాడు. కోటబొమ్మాళి ఉత్తరం అప్పటికే పొయ్యిలో పెట్టేసినట్టున్నాడు, మళ్ళీ దాని మాట ఎత్తలేదు. "కాయితం తే. దిగువ ఊరి పెద్దకి, నాయుడికి రాయాల" అన్నాడు. ఎదురుగా వెళ్ళి చెబితే మాట తడబడుతుందని ఆయన భయం. రాసినది ఉంటే చేతికిచ్చి నిలబడొచ్చు. అత్త పొయ్యి దగ్గర అంబలి కలుపుతోంది. మమ్మల్ని చూసి కూడా ఇటు రాలేదు, గరిట చప్పుడు మాత్రం ఆపింది.

నేను కాయితం మోకాలి మీద పెట్టుకున్నాను. పైన 'నాయుడుగారికి' అని రాశాను. ఆ తర్వాత ఏం రాయాలో తెలియలేదు. గేదె గురించా, తాళ్ళ గురించా, బందెలదొడ్డి గురించా.

"ఎక్కడి నుంచి మొదలెట్టమంటావు నాన్నా?"

వాకిట్లో వెలుతురొస్తోంది.

"మనం సేసిన కాడి నుంచి మొదలెట్టు" అన్నాడు.